ఊరి సింఫనీకి అసలు దాత ఎవరు?

జనాభా లెక్కన అమెరికాలో ఏడో పెద్ద నగరం, టెక్సాస్‌లోని శాన్ ఆంటోనియో. పద్నాలుగు లక్షలకు పైగా జనం. 2022 జూన్‌లో ఆ నగరపు సింఫనీ ఆర్కెస్ట్రా మూతపడింది. యూరప్ నుంచి వలస వచ్చిన మాక్స్ రైటర్ అనే కండక్టర్ 1939లో మొదలుపెట్టిన సంస్థ, ఎనభై మూడేళ్లు నడిచి దివాలా కాగితాలతో ముగిసింది. హాలు లేక కాదు, టోబిన్ సెంటర్ అనే కొత్త హాలు 2014లోనే తెరిచారు. వాయించేవాళ్లు లేక అసలే కాదు.

జర్మనీలో తురింగియా రాష్ట్రంలో మైనింగెన్ అనే ఊరుంది. పాతిక వేల జనం. మన లెక్కలో చిన్న మునిసిపాలిటీ. ఆ ఊరి ఆర్కెస్ట్రా పుట్టింది 1690లో. బ్రామ్స్ తన నాలుగో సింఫనీని 1885 అక్టోబరు 25న లోకానికి తొలిసారి వినిపించింది ఆ ఊళ్లోనే, ఆ ఆర్కెస్ట్రాతోనే. రాజులు పోయారు, రెండు యుద్ధాలు వచ్చాయి, దేశం రెండుగా చీలి మళ్లీ కలిసింది. ఆర్కెస్ట్రా మాత్రం ఉంది. సాయంత్రం నాటకశాలలో ఒపెరాకు వాయిస్తుంది, నెలనెలా సింఫనీ కచేరీ చేస్తుంది. డబ్బూ జనమూ ఉన్న మహానగరం నిలుపుకోలేనిదాన్ని ఇంత చిన్న ఊరు ఎలా నిలుపుకుంది?

ఈ ప్రశ్న మీద అరవై ఏళ్లుగా చర్చ నడుస్తోంది. ఆర్థికవేత్తలు ఒకటి చెప్పారు, టికెట్లు అమ్మేవాళ్లు ఒకటి చెప్పారు, వాద్యకారుల సంఘాలు ఇంకొకటి చెప్పాయి. అందరి మాటలోనూ కొంత నిజముంది. న్యూయార్క్, బెర్లిన్, వియన్నా లాంటి చోట్ల ఉన్న మహా ఆర్కెస్ట్రాలను పక్కనపెట్టి, ఒక మధ్యతరహా నగరాన్నీ దాని చుట్టుపక్కల ఊళ్లనూ నమ్ముకుని బతికే ప్రాంతీయ ఆర్కెస్ట్రాలను మాత్రమే చూస్తే నాకు కనిపించేది ఇది. ప్రతి కచేరీకీ ఇచ్చే కార్యక్రమ పుస్తకం చివర దాతల పేర్లు, ఇచ్చిన మొత్తాన్ని బట్టి వరసలు కట్టి అచ్చువేస్తారు. అందరికంటే ఎక్కువ ఇచ్చినవాళ్ల పేర్లు ఆ వరసల్లో ఉండవు. వాళ్లు ఆ సమయానికి వేదిక మీద కూర్చుని వాయిస్తుంటారు.

అమెరికాలో ఆర్కెస్ట్రాలు ఎన్ని ఉన్నాయో వింటే మనవాళ్లు ఆశ్చర్యపోతారు. అక్కడి ఆర్కెస్ట్రాల సమాఖ్య 2014 నాటికి వేసిన లెక్కలో 1,224 తేలాయి. యాభై రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాటిలో మూడింట రెండు వంతులకు ఏడాది ఖర్చు 3 లక్షల డాలర్ల లోపే. ఆ డబ్బుతో అరవై డెబ్భై మందిని ఏడాది పొడవునా పోషించడం కుదరదు. కాబట్టి అమెరికాలో సింఫనీ వాద్యకారుడంటే ఎక్కువ చోట్ల నెలజీతగాడు కాడు. పిలిచినప్పుడు వచ్చి వాయించి, ఆ పూటకు డబ్బు తీసుకుని వెళ్లే మనిషి.

సీజన్ సెప్టెంబరు చివర మొదలై మే దాకా నడుస్తుంది. నెలకో పెద్ద కార్యక్రమం ఉంటుంది. ఒక ప్రారంభ కృతి, పేరున్న అతిథి వాయించే ఒక కాన్‌చెర్టో, విరామం తర్వాత ఒక సింఫనీ. వీటి మధ్యలో సినిమా పాటలు, బ్రాడ్‌వే పాటలతో 'పాప్స్' కచేరీలు. డిసెంబరు వస్తే హాండెల్ 'మెస్సయ్య', చైకోవ్‌స్కీ 'నట్‌క్రాకర్' బ్యాలే. ఆ ఒక్క బ్యాలే రెండు మూడు వారాల పాటు రోజూ ఆడుతుంది కాబట్టి చాలామంది వాద్యకారులకు ఏడాదిలో గట్టిగా నాలుగు రాళ్లు కళ్లజూసేది ఆ నెలలోనే. పగళ్లు బడిపిల్లలకు కచేరీలు. జులై 4న పార్కులో ఉచిత కచేరీ, ఫిరంగుల మోతతో '1812' ఓవర్చర్. నెపోలియన్ మీద రష్యా గెలుపును కీర్తించే సంగీతంతో అమెరికా తన స్వాతంత్ర్య దినం జరుపుకోవడం అక్కడ ఎవరికీ వింతగా తోచదు, చప్పుడు బాగుంటుంది కదా.

వాద్యకారుల వైపు నుంచి చూస్తే సీజన్ రూపం వేరు. వాళ్ల లెక్క 'సర్వీసు'ల్లో ఉంటుంది. ఒక రిహార్సలో ఒక కచేరీయో, సుమారు రెండున్నర గంటల పని, ఒక సర్వీసు. ఒక పెద్ద కార్యక్రమానికి నాలుగైదు రిహార్సళ్లు, ఒకటో రెండో కచేరీలు. రిహార్సళ్లు పగలు పెట్టరు. పెడితే సగం మంది రాలేరు, బళ్లలో సంగీతం చెప్పేవాళ్లు, కాలేజీల్లో పాఠాలు చెప్పేవాళ్లు, బ్యాంకులో పనిచేసేవాళ్లు వాళ్లలో ఉంటారు. ఒక్క ఆర్కెస్ట్రాతో ఇల్లు గడవదు కాబట్టి వయొలిన్ పెట్టె కారు వెనక సీట్లో పడేసుకుని ఒకే వారంలో రెండు మూడు నగరాల్లో వాయించి వస్తారు. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల ఇలా రోడ్ల మీదే బతికే వాద్యకారుల గురించి 2008లో 'ఫ్రీవే ఫిల్హార్మోనిక్' అని ఒక డాక్యుమెంటరీయే వచ్చింది. ఇలాంటి ఆర్కెస్ట్రాల వాద్యకారులు 1984లో తమకంటూ వేరే సంఘం పెట్టుకున్నారు. పెద్ద ఆర్కెస్ట్రాల వాళ్ల సంఘం అప్పటికి ఇరవై ఏళ్లుగా ఉన్నా, వీళ్ల సమస్యలకు అక్కడ చోటు చాల్లేదు.

కార్యక్రమ పుస్తకం లెక్కగట్టని ఖర్చులు మరికొన్ని ఉన్నాయి. వాయిద్యం వాద్యకారుడిదే. ఓ మోస్తరు మంచి వయొలిన్, దానికో మంచి కమాను కొనాలంటే పదుల వేల డాలర్లు కావాలి. ఓబో వాయించేవాళ్లు తమ రీడ్లు తామే చెక్కుకుంటారు, ఒక్కో రీడుకు గంటలు పడుతుంది, కొన్నాళ్లకే అది పనికిరాకుండా పోతుంది. ఇంట్లో చేసే సాధనకు ఎవరూ గంటల లెక్క కట్టరు. భుజాలూ మణికట్లూ నొప్పి పెడితే డాక్టరు బిల్లు ఎవరు కట్టాలన్నది అమెరికాలో చిన్న ప్రశ్న కాదు, సర్వీసు లెక్కన పనిచేసేవాళ్లకు ఎక్కువ చోట్ల సంస్థ తరఫున ఆరోగ్య బీమా ఉండదు. ఇంత చేసి ఆ కుర్చీ సంపాదించడమైనా తేలికా అంటే అదీ కాదు. ఒక కుర్చీ ఖాళీ అయితే పదుల మంది సొంత ఖర్చులతో విమానాలెక్కి వస్తారు. వయొలిన్ వాళ్లయితే రిచర్డ్ స్ట్రాస్ 'డాన్ హువాన్' మొదటి పేజీ వాయించాల్సిందే, ఆ పేజీని ఏళ్ల తరబడి అరగదీసినవాళ్లే అందరూ. తెర వెనక పది నిమిషాలు వాయించి, వచ్చిన దారినే వెళ్లిపోతారు.

ఈ తెర సంగతి కాస్త చెప్పాలి. ముఖం కనపడకపోతే పక్షపాతం ఉండదని 1970ల నుంచి అమెరికా ఆర్కెస్ట్రాలు ఆడిషన్లలో తెర కట్టడం మొదలుపెట్టాయి. బూట్ల చప్పుడు వింటే ఆడో మగో తెలిసిపోతుందని కింద తివాచీ కూడా పరిచారు. ఆడవాళ్ల సంఖ్య ఆ తర్వాత బాగా పెరిగింది. అందులో తెర వాటా ఎంతో తేల్చడానికి క్లాడియా గోల్డిన్, సెసిలియా రౌజ్ 2000లో రాసిన పరిశోధన పత్రం బాగా పేరు తెచ్చుకుంది, దాని లెక్కలు అంత గట్టివి కావని తర్వాత కొందరు విమర్శించారు కూడా. నల్లజాతి వాద్యకారుల సంగతిలో మాత్రం తెర పెద్దగా చేసిందేమీ లేదు. 2016 నాటి సమాఖ్య నివేదికలో వాళ్లు రెండు శాతానికి లోపే ఉన్నారు. తెర దాకా రావడానికే పదిహేనేళ్ల ఖరీదైన చదువు కావాలి కదా. న్యూయార్క్ టైమ్స్ విమర్శకుడు ఆంథనీ టొమాసీనీ 2020లో తెర తీసేయమని రాస్తే పెద్ద దుమారం రేగింది. నా మట్టుకు తెర ఉండటమే మంచిదనిపిస్తుంది. డెట్రాయిట్‌లో 1997 నుంచి స్ఫింక్స్ సంస్థ చేస్తున్నట్టు, తెరకు పదేళ్ల ముందే పిల్లల దగ్గర మొదలుపెట్టాలి.

డబ్బు సంగతికి వస్తే, ఇంతమంది ఇంత తక్కువకు వాయిస్తున్నా ఆర్కెస్ట్రాలు ఎందుకు నష్టాల్లో ఉంటాయి? దీనికి జవాబు 1966లో ప్రిన్‌స్టన్ ఆర్థికవేత్తలు విలియం బౌమోల్, విలియం బోవెన్ రాసిన పుస్తకంలో ఉంది. ఈ విషయం మీద అంతకంటే మంచి పుస్తకం ఇప్పటికీ రాలేదు. వాళ్ల వాదన ఇది. కార్ఖానాలో యంత్రం వచ్చాక అదే పని తక్కువ మంది తక్కువ సమయంలో చేస్తారు, అందుకే జీతాలు పెరిగినా సరుకు ధర తగ్గుతుంది. బెతోవెన్ క్వార్టెట్‌కు మాత్రం ఆనాడు నలుగురు కావాలి, ఈనాడూ నలుగురే కావాలి. త్వరగా వాయించి ముగిస్తే ఉత్పాదకత పెరిగిందని ఎవరూ మెచ్చుకోరు. మంగలి షాపులో క్షవరానికి మన తాతలకు పట్టినంత సేపే మనకూ పడుతుంది, ధర మాత్రం అప్పటిలా లేదు, ఎందుకంటే మంగలి కూడా మిగతా అందరిలాగే బతకాలి. సంగీతమూ అంతే. దేశం సంపన్నమయ్యే కొద్దీ కచేరీ ఖర్చు పెరుగుతూనే ఉంటుంది. టికెట్ ధర అంత పెంచితే హాలు ఖాళీ. అమెరికా ఆర్కెస్ట్రాల ఆదాయంలో టికెట్లు, ఇతర సొంత సంపాదన కలిపి సుమారు 40 శాతం. మిగతాది ఎక్కడి నుంచో రావాలి.

అంటే నష్టం అనేది చేతకానితనానికి గుర్తు కాదు, ఆ పని స్వభావమే అది. బోర్డుల్లో కూర్చునే వ్యాపారవేత్తలకు ఈ ఒక్క సంగతి మింగుడుపడదు. ప్రతి పదేళ్లకోసారి ఎవరో ఒకరు వచ్చి ఆర్కెస్ట్రాను వ్యాపారంలా నడిపిస్తామంటారు.

ఆ లోటు పూడ్చడానికి అమెరికా కనిపెట్టిన మార్గాలు రెండు. ఒకటి శాశ్వత నిధి. 1966లోనే ఫోర్డ్ ఫౌండేషన్ 61 ఆర్కెస్ట్రాలకు కలిపి 8 కోట్ల డాలర్లు ఇచ్చింది. మీరూ అంతో ఇంతో కూడబెట్టండి, వడ్డీ మీద బతకండి, వాద్యకారులకు ఏడాది పొడవునా పని ఇవ్వండి అన్నది దాని ఉద్దేశం. ఉద్దేశం మంచిదే. ఆర్కెస్ట్రాలు సీజన్లు పొడిగించాయి, జీతాలు పెంచాయి. 1970లలో ధరలు మండిపోయేసరికి ఆ పొడిగించిన సీజన్లే మెడకు చుట్టుకున్నాయి. రెండోది సీజన్ టికెట్. చికాగో ఒపెరాలో పనిచేసిన డానీ న్యూమన్ 1977లో ఒక పుస్తకం రాసి, విడి టికెట్ కొనేవాణ్ని నమ్ముకోవద్దు, ఏడాదికి సరిపడా ముందే డబ్బు కట్టే చందాదారును పట్టుకోండి అని దేశమంతా తిరిగి ప్రచారం చేశాడు. ఒక తరం పాటు ఆ సూత్రం బాగా పనిచేసింది. ఆరు నెలల తర్వాత ఫలానా శనివారం సాయంత్రం ఎక్కడుంటామో ఇప్పుడే చెప్పగలిగే మనుషులు తగ్గిపోయాక అదీ సడలింది.

ఇక మిగిలింది మూడో మార్గం, ఎవరూ పైకి చెప్పనిది. శాన్ ఆంటోనియోలో అది బట్టబయలైంది. అక్కడ పూర్తికాలం వాద్యకారులు 72 మంది, కనీస జీతం ఏడాదికి 35,774 డాలర్లు. అదే నగరంలో కొత్తగా చేరే బడిపంతులు అంతకంటే ఎక్కువే సంపాదిస్తాడు. 2021లో యాజమాన్యం పూర్తికాలం ఉద్యోగాలను 42కు కుదించి, వాళ్ల జీతం 24,000 డాలర్లకు తగ్గించి, ఇంకో 26 మందిని 11,250 డాలర్లకు పార్ట్‌టైమ్‌లో పెడతామంది. ఆ పార్ట్‌టైమ్ వాళ్లకు ఆరోగ్య బీమా లేదు. సెప్టెంబరులో సమ్మె మొదలైంది. తొమ్మిది నెలలకు బోర్డు చేతులెత్తేసింది. నగరానికి ఇంతకు మించిన స్తోమత లేదన్నది బోర్డు వాదన. ఇంతకంటే తక్కువకు వాయించే స్తోమత మాకు లేదన్నది వాద్యకారుల వాదన. ఈ రెండో వాక్యంలోనే ఈ వ్యవస్థ అంతా ఉంది. అప్పటిదాకా వాళ్లు తమ బతుకులోంచి కోసి ఇచ్చింది ఎంతో, ఇక ఇవ్వలేమన్న రోజున కానీ లెక్కకు రాలేదు. తర్వాత ఆ వాద్యకారులే శాన్ ఆంటోనియో ఫిల్హార్మోనిక్ అని కొత్త సంస్థ పెట్టుకుని కచేరీలు మొదలుపెట్టారు.

జర్మనీ సంగతి వేరే. అక్కడ ఆ లోటు ప్రభుత్వానిది. రాష్ట్రమూ ఊరూ కలిసి భరిస్తాయి. వాద్యకారులకు దేశమంతటికీ ఒప్పందం ప్రకారం జీతాల శ్రేణులు, పింఛను, సెలవులు ఉంటాయి. మన దగ్గర ప్రభుత్వోద్యోగి ఎంత నిశ్చింతగా ఉంటాడో, మైనింగెన్‌లో బసూన్ వాయించే మనిషి ఇంచుమించు అంత నిశ్చింతగా ఉంటాడు. అయితే ఇచ్చే చెయ్యి తీసేసుకోనూ గలదు. దేశం ఏకమైన కొత్తల్లో 168 ఉన్న ఆర్కెస్ట్రాలు ఇప్పుడు 129. తగ్గినవి ఎక్కువగా తూర్పు జర్మనీవి, రెండు పక్క ఊళ్ల ఆర్కెస్ట్రాలను ఒకటి చేసేయడం ద్వారా తగ్గినవి. అలా కలిపినప్పుడు వాద్యకారులు కోర్టుకో వీధికో ఎక్కిన సందర్భాలున్నాయి. ఏది ఏమైనా అక్కడ చర్చ ఆర్కెస్ట్రా ఉండాలా వద్దా అని మొదలవదు. మునిసిపాలిటీకి గ్రంథాలయం ఎలాగో ఇదీ అలాగే అన్న నమ్మకం మూడు శతాబ్దాల్లో కుదురుకుంది. ఆ నమ్మకాన్ని మొదట పెంచింది ప్రజలు కాదు, తమ పక్క సంస్థానం కంటే మెరుగనిపించుకోవాలన్న చిన్న చిన్న రాజుల పోటీ. మన విజయనగరం సంస్థానం 1919లో సంగీత కళాశాల పెట్టి ఆదిభట్ల నారాయణదాసును ప్రిన్సిపాలుగా కూర్చోబెట్టడమూ రాజు పోషణతోనే. రాజ్యం పోయాక ఆ బాధ్యత ఎవరు తలకెత్తుకున్నారన్న దగ్గరే దారులు వేరవుతాయి.

ఇంగ్లండ్ ఈ రెంటికీ మధ్యన ఉంది. సముద్రతీరపు విహారపట్టణం బోర్న్‌మత్ 1893లో డాన్ గాడ్‌ఫ్రీ అనే బ్యాండ్‌మాస్టరును పిలిచి ముప్పై మందితో మునిసిపల్ వాద్యబృందం పెట్టించింది. గాలి మార్పు కోసం వచ్చే జనాన్ని అలరించడమే దాని పని. గాడ్‌ఫ్రీ దాన్ని నిజమైన సింఫనీ ఆర్కెస్ట్రాగా మార్చేశాడు. ఇప్పుడది పూల్ పట్టణం కేంద్రంగా ఇంగ్లండ్ నైరుతి మూలంతా బస్సుల్లో తిరుగుతుంది. 2018లో ఆ సంస్థే అంగవైకల్యం ఉన్న వాద్యకారులతో రెజౌండ్ అనే బృందాన్ని ఏర్పరచింది. దాని కండక్టర్ జేమ్స్ రోజ్ సెరిబ్రల్ పాల్సీతో పుట్టినవాడు, తలకు అమర్చిన కర్రతో తాళం చూపిస్తాడు. దయతలచి ఏర్పాటు చేసిన పక్క కార్యక్రమం కాదది, జీతం తీసుకునే వృత్తి బృందం, అదే ఏడు లండన్‌లో ఏటా జరిగే ప్రామ్స్ సంగీతోత్సవంలో వాయించింది. అయినా ఇంగ్లండ్‌లో నిధులు ఏ పూటకా పూటే. 2022 నవంబరులో, కళలకు ప్రభుత్వ నిధులు పంచే ఆర్ట్స్ కౌన్సిల్ ఒక్క ప్రకటనతో తూర్పు ప్రాంతానికి పెద్దదిక్కైన బ్రిటన్ సిన్‌ఫోనియాకు ఇచ్చే సాయం పూర్తిగా ఆపేసింది.

వాద్యకారులే యజమానులైతే? న్యూ ఆర్లిన్స్‌లో పాత సింఫనీ 1991లో మూతపడ్డాక వాద్యకారులు లూసియానా ఫిల్హార్మోనిక్‌ను అలాగే పెట్టుకున్నారు. 2005లో కత్రీనా తుపానుకు వాళ్ల ఆర్ఫియం థియేటరు మునిగిపోయింది, వాద్యకారులు ఊరూరికీ చెదిరిపోయారు, సొంత గూటికి తిరిగి రావడానికి పదేళ్లు పట్టింది. ఈ పదేళ్లలో మామూలు ఆర్కెస్ట్రా అయితే ఎప్పుడో చితికిపోయేది. న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ ఆర్కెస్ట్రా 2011లో కూలిపోతే మరుసటేడు వాద్యకారులు సహకార సంఘంగా మళ్లీ లేచారు. ఈ రెండింటినీ ఆదర్శంగా చూపించేవాళ్లు చాలామంది ఉన్నారు. నేను అంత దూరం వెళ్లను. సహకార సంఘంలో జీతం తగ్గించాలన్న నిర్ణయం మీద వాద్యకారుడు తన చేత్తోనే సంతకం పెడతాడు, గౌరవం దక్కుతుంది, లోటు మాత్రం అతని జేబులోంచే పూడుతుంది. పేరు దాతల పట్టికలోకి ఎక్కినట్టయింది, అంతవరకే.

సమాజసేవ అనే మాట ఆర్కెస్ట్రాలు ఈ ముప్పై ఏళ్లలో తెగ వాడుతున్నాయి. దాని వెనక నిజమైన పని ఉంది, దాతలకు చూపించుకునే ఫొటోలూ ఉన్నాయి. న్యూయార్క్‌లోని కార్నెగీ హాల్ నడిపే 'లింక్ అప్' నిజమైన పని. పిల్లలు బడిలో ఏడాదంతా రికార్డర్ నేర్చుకుని, చివర్లో హాలుకు వచ్చి తమ కుర్చీల్లోంచే ఆర్కెస్ట్రాతో కలిసి వాయిస్తారు. వందకు పైగా ఆర్కెస్ట్రాలు దీన్ని తమ ఊళ్లలో చేస్తున్నాయి. వెనెజువెలాలో ఆర్థికవేత్త హోసె అంతోనియో ఆబ్రేయు 1975లో మొదలుపెట్టిన పిల్లల ఆర్కెస్ట్రాల ఉద్యమం 'ఎల్ సిస్తెమా' ప్రపంచాన్ని ఊపేసింది. పేద పిల్లల్ని సంగీతం కాపాడుతుందన్న ఆ కథను అందరూ నమ్మారు, 2014లో పరిశోధకుడు జెఫ్రీ బేకర్ పుస్తకం వచ్చి అందులోని నిరంకుశత్వాన్నీ లోపాలనూ ఎత్తిచూపేదాకా. ఈ విషయంలో ఎక్కువ వాగ్దానం చేసే ఏ సంస్థనైనా అనుమానించడమే క్షేమం. డెట్రాయిట్ ఆర్కెస్ట్రా 2010-11లో ఆరు నెలల సమ్మె నుంచి బయటపడ్డాక చేసిన పని ఇంతకంటే సాదాగా ఉంటుంది. నగరం నడిబొడ్డుకు రాని శివార్ల జనం దగ్గరికి, వాళ్ల చర్చిలకూ బళ్లకూ తామే వెళ్లి తక్కువ టికెట్‌కు కచేరీలు చేశారు. వాటికి జనం వచ్చారు.

తెరమీద సినిమా నడుస్తుంటే కింద ఆర్కెస్ట్రా నేపథ్య సంగీతం వాయించే కచేరీలు ఇప్పుడు ప్రాంతీయ ఆర్కెస్ట్రాలకు పెద్ద ఆసరా. హ్యారీ పాటర్, స్టార్ వార్స్ పెడితే హాలు నిండుతుంది. శుద్ధ సంగీత ప్రియులు మొహం చిట్లిస్తారు. మనవాళ్లు ఈ ఆటలోకి ఎప్పుడో దిగారు. లండన్ రాయల్ ఆల్బర్ట్ హాల్లో 2019 అక్టోబరులో 'బాహుబలి' మొదటి భాగం ఇలాగే ఆడింది, చెక్ నేషనల్ సింఫనీ ఆర్కెస్ట్రా వాయించింది. 2025 మేలో అదే హాల్లో 'ఆర్ఆర్ఆర్'కు రాయల్ ఫిల్హార్మోనిక్ కాన్సర్ట్ ఆర్కెస్ట్రా వాయించింది. కీరవాణి కట్టిన సంగీతాన్ని కళ్లెదుట అంతమంది వాయిస్తుంటే ఈలలు వేసిన జనంలో చాలామందికి అదే మొదటి ఆర్కెస్ట్రా అయ్యుంటుంది. వాళ్లలో ఎంతమంది మళ్లీ బ్రామ్స్ వినడానికి వస్తారని అడిగితే, పెద్దగా ఎవరూ రారు. అయినా ఆ రాత్రి వాద్యకారులకు ఆ సర్వీసు డబ్బు అందింది. ప్రాంతీయ ఆర్కెస్ట్రాకు ఇది చిన్న విషయం కాదు.

అమెరికాలోనే మనకు బాగా తెలిసిన మరో సంగీత సంస్థతో పోల్చి చూస్తే తేడా ఇంకా తెలుస్తుంది. ఓహయో రాష్ట్రం క్లీవ్‌లాండ్‌లో 1978 నుంచి ఏటా త్యాగరాజ ఉత్సవం జరుగుతోంది. మొదట చిన్నగా మొదలైంది, ఇప్పుడు పది రోజులకు పైగా నడుస్తుంది, పిల్లలు పంచరత్నాలు నేర్చుకుని దేశం నలుమూలల నుంచీ వస్తారు. నడిపేది స్వచ్ఛంద కార్యకర్తలు, పోషించేది భక్తులూ రసికులూ. అదే నగరంలో ప్రపంచంలోని అత్యుత్తమ ఆర్కెస్ట్రాల్లో ఒకటి ఉంది. ఉత్సవాన్ని అభిమానం నడపగలదు, ఎందుకంటే అది ఎవరికీ ఏడాది పొడవునా జీతం ఇవ్వక్కర్లేదు. తొంభై మందికి నెలనెలా జీతం ఇవ్వాల్సి వచ్చిన రోజున అభిమానం ఒక్కటే చాలదు. మన సభలు నిలబడుతున్నాయి కాబట్టి ఆర్కెస్ట్రాలూ నిలబడాలి అనేవాళ్లు ఈ తేడా మరచిపోతారు.

ఈ మొత్తం చర్చలో నాకు ఎక్కువ ఆసక్తి కలిగించేది కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్. రెండుసార్లు అడుగంటి, రెండుసార్లూ ఎవరూ ఊహించని దారి పట్టింది. 1937లో పుట్టిన ఆ ఆర్కెస్ట్రా పదేళ్లకే అప్పుల్లో పడింది. అప్పటి మేయర్ చార్లెస్ ఫార్న్‌స్లీ 1948లో ఒక విచిత్రమైన సలహా ఇచ్చాడు. ఖరీదైన అతిథి విద్వాంసుల్ని పిలవడం మానేసి, ఆ డబ్బుతో బతికున్న స్వరకర్తల చేత కొత్త కృతులు రాయించండి, ఆర్కెస్ట్రాను యాభై మందికి తగ్గించుకోండి అన్నాడు. మేయరుకు కన్ఫ్యూషియస్ అంటే వల్లమాలిన అభిమానం, ఊరి పేరు నిలిచేది కొత్త సృష్టి వల్లే అని నమ్మాడు. 1950లో అమెరికా నృత్య కళాకారిణి మార్తా గ్రాహం విలియం షూమన్ సంగీతానికి 'జూడిత్' చేసింది అక్కడే. 1953లో రాక్‌ఫెల్లర్ ఫౌండేషన్ 4 లక్షల డాలర్లిచ్చింది. ఎలియట్ కార్టర్ 'వేరియేషన్స్' లాంటి కృతులు లూయీవిల్‌లో పుట్టాయి, సొంత రికార్డుల సంస్థ పెట్టి వాటిని ప్రపంచానికి పంపారు. వాటిలో చాలా కృతుల్ని ఇప్పుడెవరూ వాయించరన్నదీ నిజమే. ఏడాదికి పదుల కొద్దీ కొత్త కృతులు రాయిస్తే అన్నీ నిలుస్తాయని ఎవరు ఆశిస్తారు.

రెండో పతనం 2010 డిసెంబరులో వచ్చింది, దివాలా. తర్వాతి ఏడాది యాజమాన్యానికీ వాద్యకారులకూ మధ్య గొడవ ముదిరి, పాతవాళ్ల స్థానంలో కొత్తవాళ్లు కావాలని ప్రకటన వేసేదాకా వెళ్లింది. ఇలాంటి చోటికి 2014లో 27 ఏళ్ల టెడ్డీ ఏబ్రమ్స్ సంగీత దర్శకుడిగా వచ్చాడు. ఆ ఊరి బిడ్డ మహమ్మద్ అలీ జీవితాన్ని ర్యాపూ ఒపెరా కలిపి వేదికకెక్కించాడు. 2023లో చెల్లో విద్వాంసుడు యో-యో మాతో కలిసి మ్యామత్ గుహల లోపల కచేరీ చేశాడు. ఇవి పేపర్లకెక్కే పనులు. నా దృష్టిలో అసలు పని వేరే ఉంది. 2022లో మొదలైన 'క్రియేటర్స్ కోర్' కింద ముగ్గురు స్వరకర్తలకు ఏడాదికి 40,000 డాలర్ల జీతం, ఆరోగ్య బీమా, షెల్బీ పార్క్ అనే సామాన్య పేటలో ఉండటానికి ఇల్లూ ఇచ్చారు. వాళ్లు ఆ పేటలో కాపురముంటారు, ఆ జనం మధ్య తిరుగుతారు, ఆర్కెస్ట్రాకు రాస్తారు. రాసిన కృతి పోస్టులో పంపి, మొదటి కచేరీ నాడు విమానంలో వచ్చి వంగి దండం పెట్టి వెళ్లే పద్ధతికి ఇది పూర్తిగా ఎదురు.

ఆ రాష్ట్రపు శాసనసభ 2022లో ఆర్కెస్ట్రాకు రెండేళ్లకు 43 లక్షల డాలర్లు కేటాయించింది, కెంటకీ అంతటా తిరిగి ఉచితంగా వాయించమని. ఆ శాసనసభలో బలమైన మెజారిటీ రిపబ్లికన్లది, కళలకు ప్రభుత్వం డబ్బివ్వడం ఏమిటని అడిగే పార్టీ. తూర్పు కొండల్లోని బొగ్గుగని పట్టణాలకు ఆర్కెస్ట్రా బస్సులు వెళ్లాయి. బ్లూగ్రాస్ పాటగాళ్లు, ఊరి గాయకబృందాలు వాళ్లతో కలిసి వేదికెక్కారు. ఆ డబ్బు పర్యటనకు ఇచ్చింది, వాద్యకారుల జీతాల లోటుకు కాదు. ఆ రాష్ట్రంలో బడ్జెట్ రెండేళ్లకోసారి, అందుకని ఆర్కెస్ట్రా ప్రతి రెండేళ్లకూ రాజధాని ఫ్రాంక్‌ఫర్ట్ వెళ్లి మళ్లీ అడగాలి. అడిగిన ప్రతిసారీ కాదనే అవకాశం ఉంది. అయినా ఒక ఊరి కోటీశ్వరుడి డ్రాయింగ్ రూములో చేతులు కట్టుకుని నిలబడటం కంటే ఇది నాకు నయమనిపిస్తుంది. తన నియోజకవర్గంలో ఏ బడిలో ఎంతమంది ఆ కచేరీకి వచ్చారో ఒక శాసనసభ్యుణ్ని ఎదురుగా నిలబడి అడగొచ్చు. వాళ్లకోసం వాయించినవాడికి ఆ రాత్రి ఎంత ముట్టిందో కూడా, ఇక అక్కడే అడగాలి.